పార్టీలోనే ఉండి కాదన్నవాళ్లు



కండువాలు మార్చిన నాయకుల కథలకు మన దగ్గర కొదవ లేదు. పొద్దున ఒక పార్టీ ఆఫీసులో టిఫిన్ చేసి, సాయంత్రానికి ఇంకో పార్టీ ఆఫీసులో దండ వేయించుకున్న వాళ్లను మీరూ చూశారు, నేనూ చూశాను. ఈ రోజు వాళ్ల ఊసు ఎత్తను. గోడ దూకడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. అవతల కుర్చీ వేసి ఉంటే చాలు. ఇంట్లోనే కూర్చుని ఇంటిపెద్దను నిలదీయాలంటేనే గుండె కావాలి. అలా పార్టీలోనే ఉండి పార్టీని కాదన్న కొందరి గురించి, వాళ్లకు ఆ రోజుల్లో ఉన్న వీలు ఇప్పుడు ఎటు పోయిందన్న దాని గురించి కాసేపు మాట్లాడుకుందాం.

1957 డిసెంబరు 16న రాయ్‌బరేలీ సభ్యుడు ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేచి నిలబడ్డారు. కాంగ్రెస్ మనిషి. పైగా ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు. ఆయన ఎత్తుకున్నది జీవిత బీమా సంస్థ వ్యవహారం, అదే మన ఎల్ఐసీ. అప్పటికి ఆ సంస్థ వయసు ఏడాదీ మూడు నెలలు. ప్రైవేటు బీమా కంపెనీలన్నిటినీ జాతీయం చేసి, ఒకే గొడుగు కిందికి తెచ్చి 1956 సెప్టెంబరు 1న పెట్టారు దాన్ని. ఆ సంస్థ 1957 జూన్‌లో కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలు కొన్నది. పెట్టిన సొమ్ము కోటీ 20 లక్షల పైమాటే. ముంద్రా అప్పటికే అప్పుల్లో పీకల్లోతు మునిగి ఉన్నాడు. ఏ వాటా కొనాలో, ఏది కొనకూడదో చెప్పడానికి సంస్థలో పెట్టుబడుల కమిటీ ఒకటి ఉంది. ముందుగా దాన్ని అడిగినవాళ్లు లేరు.

ఫిరోజ్ గాంధీ ఆ రోజు చేసింది ఆవేశపు ప్రసంగం అనుకుంటారేమో. అసలు బలమంతా లెక్కల్లో ఉంది. ఏ తేదీన కొన్నారు, ఆ తేదీన బజారులో వాటా ధర ఎంత, మీరు చెల్లించింది ఎంత, ఎవరు కొనమంటే కొన్నారు? ఇలా ఒక్కొక్కటే అడుగుతూ పోయారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి ఆయన పార్టీ మంత్రే. మామగారి మంత్రివర్గంలో ముఖ్యుడు. పాలసీదారుల సొమ్ము, అంటే నెలనెలా కూడబెట్టుకుని ప్రీమియం కట్టే గుమాస్తాల సొమ్ము, ఒక ఆసామిని గట్టెక్కించడానికి వాడారన్నది ఫిరోజ్ గాంధీ అభియోగం. ప్రభుత్వం విచారణ వేయక తప్పలేదు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా బహిరంగంగా, జనం చూస్తుండగా విచారణ నడిపి కొద్ది వారాల్లోనే నివేదిక ఇచ్చేశారు. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు. కమిషన్లు పదేళ్లు, ఇరవై ఏళ్లు సాగడం చూసిన మనకు ఆ వేగమే ఓ వింత.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. ఫిరోజ్ గాంధీ పార్టీకి వ్యతిరేకంగా ఓటేయలేదు. పార్టీ వదల్లేదు. కొత్త కుంపటి పెట్టలేదు. తన బెంచీలో తాను కూర్చుని అడిగారు, అంతే. పార్టీ ఆయన్ను బయటికి పంపనూ లేదు. 1960లో కన్నుమూసేదాకా కాంగ్రెస్ సభ్యుడిగానే ఉన్నారు. ముంద్రా వ్యవహారానికి రెండేళ్ల ముందు, 1955లో, దాల్మియాకు చెందిన భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ సంగతి బయటపెట్టిందీ ఆయనే. అధికార పక్షంలో ఉంటూనే ఎదురుపక్షం చేయాల్సిన పని చేసి పెట్టారు.

ఇంకో పని కూడా చేశారు. పార్లమెంటులో సభ్యుడు ఏం మాట్లాడినా ఆయనకు రక్షణ ఉంది. ఆ మాటల్ని ఉన్నదున్నట్టు అచ్చేసిన పత్రిక మీద మాత్రం అప్పట్లో పరువునష్టం కేసు వేసే వీలుండేది. దీన్ని సరిచేయడానికి ఫిరోజ్ గాంధీ సొంతంగా ఒక బిల్లు పెట్టి, 1956లో చట్టం చేయించారు. మంత్రి కాని సభ్యుడు పెట్టే ఇలాంటివాటిని ప్రైవేటు బిల్లులంటారు. స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి అలాంటివి ఉభయసభలూ దాటి చట్టాలైంది 14 మాత్రమే. వాటిలో ఇదొకటి. రేడియోకు కూడా ఆ రక్షణ వర్తింపజేశారు కాబట్టి, ఈ మైకు ముందు కూర్చున్న నాబోటివాడు ఆయనకు ఓ దండం పెట్టుకోవాలి. ఎమర్జెన్సీలో, 1976లో, ఆ చట్టాన్ని రద్దు చేశారు. రద్దు చేసింది ఆయన భార్య ఇందిరాగాంధీ ప్రభుత్వం. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి దాన్ని మళ్లీ నిలబెట్టింది.

ఇక మనవైపు వద్దాం. బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి, మనందరి వి.వి. గిరి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. రైల్వే కార్మికుల యూనియన్లలో ఆరితేరిన మనిషి. బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదా ట్రిబ్యునల్ దాకా వెళ్లి, అక్కడ ఉద్యోగులకు అనుకూలంగా తీర్పు వచ్చింది. 1954 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆ తీర్పును సవరించి, ఉద్యోగులకు రావాల్సినదాంట్లో కోత పెట్టింది. కార్మికుల తగాదాలు ట్రిబ్యునల్‌లో తేల్చుకోండని చెప్పే మంత్రి, ట్రిబ్యునల్ తేల్చినదాన్ని తన ప్రభుత్వమే తిరగరాస్తే ఏ మొహం పెట్టుకుని కార్మికుల ముందుకు వెళ్తాడు? గిరి రాజీనామా చేసి బయటికొచ్చారు. మంత్రిపదవి వదిలారు గాని కాంగ్రెస్‌ను వదల్లేదు. ఆ తర్వాత ప్రభుత్వం ఆ వ్యవహారం మీద కమిషన్ వేయక తప్పలేదు. గిరి తర్వాత మూడు రాష్ట్రాలకు గవర్నరయ్యారు, ఉపరాష్ట్రపతీ అయ్యారు. అంటే కాదన్నవాడికి ఆ రోజుల్లో దారులన్నీ మూసుకుపోయేవి కావన్నమాట.

అదే గిరి 1969లో మళ్లీ కథలోకి వస్తారు. ఈసారి ఆయనకు ఎదురుగా నిలబడింది ఇంకో తెలుగువాడు, అనంతపురం జిల్లా ఇల్లూరు రైతు కుటుంబంలో పుట్టిన నీలం సంజీవరెడ్డి. సంజీవరెడ్డి గురించి ముందొక మాట చెప్పాలి. 1967లో లోక్‌సభ స్పీకరుగా ఎన్నిక కాగానే ఆయన కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చేశారు. ఆయన్ను అలా చేయమని ఏ చట్టమూ అడగలేదు. సభలో అందరికీ సమంగా ఉండాల్సిన వాడు ఒక పార్టీ సభ్యత్వం దగ్గర పెట్టుకోకూడదని ఆయనకు తోచింది, చేశారు. ఇప్పటి పార్టీ ఫిరాయింపుల చట్టంలో, స్పీకరుగా ఎన్నికైనవారు పార్టీ సభ్యత్వం వదులుకుంటే అది ఫిరాయింపు కింద రాదని ఒక మినహాయింపు రాసి ఉంది. సంజీవరెడ్డి చట్టం లేనప్పుడే చేసిన పనికి ఇప్పుడు చట్టం రక్షణ ఇస్తోంది. ఆ మినహాయింపు మాత్రం పుస్తకంలో చెక్కుచెదరకుండా, వాడకం లేకుండా, కొత్తగా ఉంది.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. కొత్త రాష్ట్రపతి ఎవరన్న దగ్గర కాంగ్రెస్ నిలువునా చీలింది. నిజలింగప్ప, కామరాజ్ వంటి పెద్దల బృందాన్ని సిండికేట్ అనేవారు. వాళ్లు సంజీవరెడ్డి పేరు ఖాయం చేశారు. ప్రధాని ఇందిరాగాంధీకి అది ఇష్టం లేదు. ఇష్టం లేకపోయినా నామినేషన్ పత్రం మీద సంజీవరెడ్డిని ప్రతిపాదిస్తూ సంతకం చేశారు. గిరి స్వతంత్ర అభ్యర్థిగా దిగారు. అంతలో ఇందిర 14 బ్యాంకులను జాతీయం చేశారు, గాలి మారింది. పార్టీ అభ్యర్థికే ఓటేయాలని ఎంపీలకు ఆదేశం ఇవ్వమంటే ఆవిడ ఇవ్వలేదు. ఎవరి అంతరాత్మ చెప్పినట్టు వాళ్లు ఓటేయండన్నారు. 'అంతరాత్మ ప్రబోధం' అన్న మాట తెలుగు పత్రికల్లో పతాక శీర్షికలకు ఎక్కింది ఆ ఏడాది ఆగస్టులోనే. ఇప్పటికీ దాన్ని వెటకారానికి వాడుతూనే ఉన్నాం.

ఆగస్టు 20న ఓట్లు లెక్కించారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటలేదు. రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాల్సి వచ్చింది ఆ ఒక్కసారే. చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. కాంగ్రెస్ ఓట్లన్నీ కాంగ్రెస్‌కే పడి ఉంటే ఫలితం తారుమారయ్యేది. నవంబరులో పార్టీ ప్రధానమంత్రినే బహిష్కరించింది. పార్టీ రెండు ముక్కలైంది. సంజీవరెడ్డి అనంతపురం వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఒక్కటీ, నంద్యాల, జనతా తరఫున ఆయన గెలిచారు. ఆ ఏడాదే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

1969 నాటి అంతరాత్మలను స్వతంత్ర భావానికి గొప్ప ఉదాహరణగా చెప్పేవాళ్లున్నారు. నాకు అంత నమ్మకం లేదు. అంతరాత్మను మేల్కొలపమని పైనుంచి కబురు వస్తే, అదీ ఒక రకం విప్పే. ఆ రోజు ఓటేసినవాళ్లలో కార్మికనేతగా గిరిని నిజంగా అభిమానించినవాళ్లు ఉండొచ్చు. గెలిచేది ఏ వర్గమో పసిగట్టి ఓటేసినవాళ్లూ ఉంటారు. రహస్య ఓటు కాబట్టి ఎవరికీ జవాబు చెప్పుకునే పని లేదు. ఫిరోజ్ గాంధీ పేరు పెట్టి, అందరి ముందూ, మామగారు వింటుండగా అడిగారు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టలేను.

విప్ అన్నాను కదా, అదెలా ఉంటుందో చెబుతాను. పార్టీ చీఫ్ విప్ తన సభ్యులకు పంపే కాగితం అది. అందులో ముఖ్యమైన వాక్యం కింద ఒక గీత ఉంటే, ఫలానా ఓటింగ్ ఉంది, గుర్తు పెట్టుకోండని. రెండు గీతలుంటే తప్పకుండా సభకు రావాలని. మూడు గీతలుంటే రావాలి, పార్టీ చెప్పినట్టే ఓటేయాలి. 1985కు ముందు మూడు గీతల కాగితాన్ని లెక్కచేయకపోతే పార్టీ కోప్పడేది, మరీ అయితే బయటికి పంపేది. సీటు మాత్రం ఉండేది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక సీటే పోతోంది.

ఆ చట్టం ఎందుకొచ్చిందో మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే 1967లో పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మార్చి 'ఆయారాం గయారాం' అన్న మాటకు పేరు పెట్టి పోయారు. మనకు మాత్రం 1984 ఆగస్టు గుర్తుంటుంది. ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దె ఎక్కించారు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు, తర్వాత కర్ణాటకలో క్యాంపు పెట్టి కాపాడుకున్నారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. నాలుగున్నర నెలలు తిరక్కుండానే, 1985 జనవరి ఆఖరున, రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ రాజ్యాంగ సవరణ తెచ్చింది. లోక్‌సభ ఒక రోజు, రాజ్యసభ మర్నాడు ఆమోదించేశాయి. రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేరింది. ఎమ్మెల్యేల బేరాలు చూసి విసిగిపోయిన జనం కూడా హమ్మయ్య అనుకున్నారు.

కానీ వల వేసింది ఒకరికి, పడింది ఇంకొకరు. పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, పదిహేను రోజుల్లో పార్టీ క్షమించకపోతే అనర్హత వేటు. ఏ బిల్లయినా సరే, ప్రభుత్వం నిలబడటానికీ పడటానికీ సంబంధం లేని చిన్న సవరణయినా సరే. అటు గుంపుగా వెళ్లేవాళ్లకు మాత్రం దారి వదిలారు. మొదట్లో మూడో వంతు చీలితే తప్పు లేదన్నారు, 2003లో అది తీసేశారు. మూడింట రెండు వంతుల మంది కలిసి వెళ్తే విలీనం అంటారు, అది ఇప్పటికీ ఉంది. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో కలిశారు. అదే నెలలో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో కలిశారు. లెక్క సరిగ్గా సరిపోయేలా చూసుకున్నారు మరి. చిల్లరగా వెళ్తే ఫిరాయింపు, టోకుగా వెళ్తే విలీనం. ఒంటరిగా లేచి పార్టీలోనే ఉంటాను గాని ఈ బిల్లుకు ఓటేయను అనే ఒక్కడికే ఆ చట్టంలో చోటు లేదు.

ఈ సంగతి న్యాయస్థానాలకూ కమిటీలకూ తెలియనిది కాదు. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ అనర్హతను విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకే పరిమితం చేయమంది. 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు, ఇద్దరు తేడాతో చట్టాన్ని నిలబెడుతూనే, విప్‌ను ప్రభుత్వ మనుగడకూ పార్టీ ముఖ్య విధానాలకూ పరిమితం చేస్తే మేలన్న అభిప్రాయం చెప్పింది. పార్టీలు విని ఊరుకున్నాయి. ఏ పార్టీకైనా చేతిలో ఉన్న కర్ర పారేయాలని ఎందుకనిపిస్తుంది?

మన రాష్ట్రం రెండుగా విడిపోయిన రోజుల్ని కూడా ఇక్కడ తలచుకోవాలి. 2013 డిసెంబరులో సీమాంధ్రకు చెందిన ఆరుగురు కాంగ్రెస్ ఎంపీలు, తమ పార్టీ నాయకత్వంలోని మన్మోహన్ సింగ్ ప్రభుత్వం మీదే అవిశ్వాస తీర్మానానికి నోటీసు ఇచ్చారు. ఉండవల్లి అరుణ్‌కుమార్, లగడపాటి రాజగోపాల్ వాళ్లలో ఉన్నారు. 2014 ఫిబ్రవరిలో పార్టీ ఆరుగురినీ బహిష్కరించింది. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి కేంద్రం పంపిన విభజన బిల్లును అసెంబ్లీ చేత తిప్పికొట్టించారు. లోక్‌సభ బిల్లును ఆమోదించిన మర్నాడు రాజీనామా చేశారు. తెలంగాణ వైపూ ఇదే. పార్టీ ఆలస్యం చేస్తోందని కోమటిరెడ్డి వెంకటరెడ్డి 2011లో మంత్రిపదవి వదిలారు. ఎంపీలు, ఎమ్మెల్యేలు కట్టలు కట్టలుగా రాజీనామాలు ఇచ్చారు.

వీళ్లది స్వతంత్ర భావమేనా? అవుననీ అనొచ్చు, కాదనీ అనొచ్చు. పార్టీకి ఎదురు తిరిగారన్నది నిజం. కానీ అటువాళ్లకు అటు జనం, ఇటువాళ్లకు ఇటు జనం వెనకాల ఉన్నారు. ఊళ్లో ఎదురు మాట్లాడితే బతకనివ్వరు, ఢిల్లీలో ఎదురు మాట్లాడితే టికెట్ పోతుంది. రెండు భయాల్లో పెద్దది ఏదో చూసుకుని నడిచినవాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో అసలు ధైర్యం సీమాంధ్రలో నిలబడి విడిపోతే తప్పేముందనడానికీ, తెలంగాణలో నిలబడి కలిసుంటే తప్పేముందనడానికీ కావాల్సి వచ్చింది. అలా అన్న పెద్ద నాయకులు రెండు వైపులా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

లోక్‌సభ స్పీకరుగా ఉన్న సీపీఎం నేత సోమనాథ్ చటర్జీ మాట కూడా చెప్పాలి. 2008 జులైలో అణు ఒప్పందం మీద సీపీఎం మన్మోహన్ సింగ్ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుని, స్పీకరు పదవి వదిలి రమ్మంది. స్పీకరు పార్టీ మనిషి కాదంటూ ఆయన కదల్లేదు. 22న విశ్వాస పరీక్ష నడిపించారు, 23న పార్టీ బహిష్కరించింది. నాలుగు దశాబ్దాల అనుబంధం ఒక్క రోజులో తెగిపోయింది.

బ్రిటన్‌లో మాత్రం వ్యవహారం వేరు. విప్ అన్న ఏర్పాటును మనం తెచ్చుకున్నది అక్కడి నుంచే. 2019 సెప్టెంబరు 3న బ్రెగ్జిట్ గొడవలో 21 మంది కన్సర్వేటివ్ ఎంపీలు సొంత ప్రధాని బోరిస్ జాన్సన్‌కు వ్యతిరేకంగా ఓటేశారు. చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ వాళ్లలో ఒకరు. పార్టీ 21 మందినీ వెలివేసింది. సీట్లు ఎవరివీ పోలేదు, మర్నాడు మళ్లీ వచ్చి కూర్చున్నారు. రెండు నెలలు తిరక్కముందే వాళ్లలో పదిమందిని పార్టీ వెనక్కి తీసుకుంది. ఆ దేశంలో రాజకీయాలు మనకన్నా శుభ్రమని నేననను. అలా ఓటేసిన పూట సభ్యుడు పోగొట్టుకునేది ఏమిటన్నదాంట్లోనే తేడా.

అయితే తప్పంతా చట్టం మీదికే నెట్టలేం. పదో షెడ్యూలు పట్టుకునేది ఓటును. ఫిరోజ్ గాంధీ లాగా లేచి ప్రశ్న అడిగితే సీటు పోతుందని అందులో ఎక్కడా లేదు. మరి ఎందుకు అడగరు? ఎన్నికల వేళ బి-ఫారం ఇచ్చే చెయ్యి ఒక్కటే కాబట్టి. ఆ కాగితం మీద పేరు ఉంటే పార్టీ గుర్తు వస్తుంది, లేకపోతే రాదు. అది ఎవరికివ్వాలో కింది కార్యకర్తలు ఓటేసి తేల్చే పద్ధతి మన పార్టీల్లో లేదు. హైదరాబాదులోనో, అమరావతిలోనో, ఢిల్లీలోనో ఒక గదిలో తేలుతుంది. ఐదేళ్లకోసారి ఆ గది ముందు నిలబడాల్సినవాడు మధ్యలో నోరెత్తమంటే ఎత్తుతాడా? చట్టం ఓటును కట్టేసింది, టికెట్ నోరు కట్టేసింది.

ఓటుకు పడ్డ ముడి విప్పుదామని చూసినవాళ్లూ లేకపోలేదు. ప్రభుత్వ మనుగడతో, డబ్బు బిల్లులతో సంబంధం లేని ఓట్లను విప్ నుంచి మినహాయించాలని కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ 2010లో బిల్లు పెట్టారు. అప్పుడు అధికారంలో ఉన్నది ఆయన పార్టీయే. అది ముందుకు సాగలేదు. ఆ తర్వాత ప్రతిపక్షంలో ఉండి మళ్లీ పెట్టారు. అది కూడా ప్రైవేటు బిల్లే. అలాంటి బిల్లుల వంతు శుక్రవారం మధ్యాహ్నం వస్తుంది. అప్పటికి చాలామంది ఎంపీలు సొంతూళ్ల విమానాల కోసం బయల్దేరిపోయి ఉంటారు. ప్రైవేటు బిల్లు ఒకటి ఉభయసభలూ దాటి చట్టమైంది చివరిసారిగా 1970లో.